పదకొండున్నరకల్లా పప్పు ఉడకాలి: మద్రాసు బళ్ల వంటశాల జ్ఞాపకాలు

మద్రాసులో బడి భోజనం మాట ఎత్తితే ముందు కామరాజు పేరొస్తుంది, వెంటనే ఎమ్జీఆర్ పేరొస్తుంది. పాత వణ్ణారపేట, కొరుక్కుపేట, వ్యాసర్పాడి వైపు కార్పొరేషన్ బళ్లలో చదువుకుని, మధ్యాహ్నం ఆ అన్నం తిని పెద్దయిన తెలుగువాళ్లని కదిపితే మాత్రం ఇంకో రకం జ్ఞాపకాలు బయటికొస్తాయి. బడి వెనక పాకో రేకుల షెడ్డో, కళ్లు మండించే పొగ, మసిబారిన అండా (పెద్ద వంటపాత్ర), "తట్ట కడుక్కొచ్చినావా?" అని కంచం చూసి గద్దించే ఆయమ్మ. ఆ షెడ్డులో పొద్దుటి నుంచి ఏం జరిగేదో తిన్నవాళ్లలో చాలామందికి తెలియదు. గంట కొట్టేసరికి అన్నం వచ్చేది, అంతే. సత్తుణవు (తమిళనాడు బడి భోజన పథకం) గురించి పొగడ్తలు బోలెడు రాశారు, తిట్లూ రాశారు. వంట సంగతే ఎవరూ పెద్దగా రాయలేదు.

మొదలుపెట్టింది తెలుగింటి మనిషే అని ఒకమాట చెప్పుకుని ముందుకెళ్దాం. పిట్టి త్యాగరాయ చెట్టిగారిది దేవాంగుల కుటుంబం. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, 1920 సెప్టెంబరు 16న, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు టిఫిను పెట్టాలని తీర్మానం చేశారు. తలకు రోజుకు ఒక అణా మించకూడదని షరతు. తరవాత ఇంకో నాలుగు బళ్లకు పాకింది. ప్రాథమిక విద్యకని తీసిపెట్టిన నిధిని తిండికి వాడటానికి ప్రభుత్వం ఒప్పుకోక 1925 ఏప్రిల్ 1న ఆపేశారు. చెట్టిగారు పోయిందీ ఆ ఏడాదే. త్యాగరాయ నగర్ అనే టీనగర్‌లో చీరలు కొనడానికి దిగే మనవాళ్లు ఆయన పేరు రోజూ పలుకుతూనే ఉంటారు, అణా టిఫిను సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

కామరాజు హయాంలో 1956లో మళ్లీ మొదలైనప్పుడు ఊరివాళ్లు ఇచ్చిన బియ్యం, పప్పే ఆధారం. 1961 నుంచి అమెరికా నుంచి కేర్ సంస్థ సరుకు రావడం మొదలైంది: పాలపొడి, నూనె డబ్బాలు, గోధుమ రవ్వ, పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వ. ఇప్పుడు అరవై డెబ్బై దాటినవాళ్లు ఆ పచ్చ ఉప్మా పేరెత్తితే మొహం ఒకలా పెడతారు. తప్పు మొక్కజొన్న రవ్వది కాదు. ఓడలో వచ్చి, గోడౌన్‌లో పడి, మద్రాసు ఉక్కకు ముక్కవాసన పట్టిన రవ్వని వేయించకుండా నేరుగా ఎసట్లో పోసేవాళ్లు. పొడిగా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే సగం వాసన పోతుంది. ఒక కొలత రవ్వకు మూడున్నర కొలతల నీళ్లన్నా పట్టాలి, బియ్యపు రవ్వ లెక్కన రెండున్నర పోస్తే గొంతు దిగదు. పాలపొడితోనూ ఇదే గొడవ. లీటరు నీళ్లకు వంద గ్రాముల పొడి. పొడిని మరిగే నీళ్లలో చల్లితే గోళీల్లా ఉండలు కట్టి, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లు కొంచెం పోసి జారుగా పిసికి, తరవాత మిగతా నీళ్లు పోసుకుంటూ కలపాలి. ఇంట్లో పాలు ఎరగని పిల్లలకు ఒక్కసారిగా గ్లాసుడు పోస్తే మధ్యాహ్నం క్లాసులో కడుపునొప్పి ఖాయం. సగం గ్లాసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయిన బళ్లలో ఆ బాధ తగ్గింది.

అసలు వంటశాల కాలం 1982తో మొదలు. జూలై 1న తిరుచ్చి దగ్గర పాప్పాకురిచ్చిలో ఎమ్జీఆర్ సత్తుణవు పథకం ప్రారంభించారు. ముందు పల్లెలకు, సెప్టెంబరు 15 నుంచి పట్టణాలకు. 1984లో అదే సెప్టెంబరు 15న పెద్ద తరగతుల పిల్లలకూ ఇచ్చారు. సెంటర్‌కు ఒక ఆర్గనైజరు, ఒక వంటావిడ, ఒక సహాయకురాలు. భర్త పోయినవాళ్లకు, దిక్కులేని ఆడవాళ్లకు ముందు అవకాశం ఇవ్వడంతో వేలమంది ఇళ్లలో పొయ్యి వెలిగింది. జీతం అనలేం, కూలి డబ్బుల్లాంటి మొత్తం. దాన్ని పద్ధతి ప్రకారం జీతం చేయించుకోవడానికి వాళ్లు రోడ్డెక్కని ఏడాది లేదు.

ఇప్పుడు లెక్క. పొద్దున మొదటి గంట అయ్యాక హాజరు పట్టీ చూసి అన్నం తినేవాళ్ల సంఖ్య తీయాలి. హాజరు వేరు, తినేవాళ్లు వేరు. కొందరు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. కొందరు బెల్లు అయ్యాక అరగంటకు వస్తారు. కార్పొరేషన్‌లో ఊడ్చే పనికి తెల్లారే వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు తమ్ముణ్ణి తయారుచేసి, తోడు తీసుకుని వచ్చేసరికి ఆలస్యమే, పొద్దున ఏమీ తినకుండా వచ్చేదీ వాళ్లే. వాళ్లని వదిలేసి లెక్క తీస్తే చివరి వరసకు అన్నం చాలదు. అందుకని రెండో పీరియడ్ మొదట్లో ఇంకోసారి లెక్క.

"అక్కా, ఎంత ఎసరు పెట్టను?"

"నూటెనభై వేసుకో. శుక్రవారం కదా, ఉర్లగడ్డ అని ఇంకో నలుగురొస్తారు. వాళ్లనీ కలిపే చెప్పినా."

ఈ లెక్కలోనే దొంగతనానికీ దారుండేది. తినే పిల్లలు నూటయాభై అయితే రిజిస్టర్లో నూటెనభై రాస్తే మూడు కిలోల బియ్యం మిగులుతుంది. అలా జరగలేదని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. కానీ కూరగాయలకు ఇచ్చే డబ్బు చాలక, మిగిల్చిన పప్పు మర్నాడు వేసి సర్దిన ఆర్గనైజర్లూ ఉన్నారు. రిజిస్టరు ఒక్కటే చూసి ఎవరు ఏ రకమో చెప్పలేం.

చిన్న తరగతుల్లో తలకు వంద గ్రాముల బియ్యం, పదిహేను గ్రాముల పప్పు. నూటెనభై మందికి 18 కిలోల బియ్యం, 2 కిలోల 700 గ్రాముల పప్పు. ఆరు నుంచి పైతరగతులకు తలకు 150 గ్రాములు. రోజూ తూకం వేసే తీరిక ఎవరికీ ఉండదు. ఒకసారి తూచి ఏదో ఒక డబ్బాకు గీత పెట్టుకుంటారు. కొత్త బస్తా విప్పినప్పుడల్లా గీత సరిచూసుకోవాలి, పాత బియ్యం, కొత్త బియ్యం, సన్నం, లావు ఒకే తూకానికి ఒకే కొలత రావు.

ఇంటి వంట తెలిసిన మనిషి బడి వంటకు వచ్చి మొదటివారంలో చేసే పొరపాటు ఒకటే. ఇంట్లో గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల నీళ్లు పోస్తాను కాబట్టి ఇక్కడా మూడింతలు పోద్దామనుకుంటుంది. అండా పెద్దదయ్యేకొద్దీ లోపల పట్టే సరుకు ఎక్కువవుతుంది, ఆవిరిపోయే మూతి మాత్రం ఆ పాళ్లలో పెరగదు. కాబట్టి నీళ్లు కొంచెం తగ్గించే పొయ్యాలి. లేకపోతే అడుగున జావ, పైన మెతుకు. గంజి వార్చే పద్ధతైతే ఈ లెక్క అక్కర్లేదు, ఉప్పుడు బియ్యానికి అదే సులువని చాలాచోట్ల వార్చేవాళ్లు. ఇంటి గిన్నె మీద పెట్టే సిబ్బి ఇక్కడ చాలదు. అండా మూతికి తడిగుడ్డ కట్టి, ఇద్దరు రెండు చెవులూ గోనెగుడ్డతో పట్టుకుని వంచాలి. ఒకరి చెయ్యి ముందు, ఇంకొకరిది వెనకా అయితే మరిగే గంజి పాదాల మీద. పాతకాలపు వంటావిడల కాళ్లమీద ఆ మచ్చలు ఉండేవి. పైగా బి విటమిన్లలో కొంత ఆ గంజితోపాటే కాలవలోకి పోతుంది. గంజిని సాంబారు పలచన చెయ్యడానికి వాడుకున్న ఆయమ్మలు ఆ విషయం పుస్తకంలో చదివి చెయ్యలేదు, పారబోయడం మనసొప్పక చేశారు.

సరుగుడు కట్టెలు ఎండుగా ఉన్నన్నాళ్లూ బాగానే మండుతాయి. ఈశాన్య వానలొచ్చి కట్టెలు నానితే పొగే తప్ప సెగ రాదు, పదింటికి ఎక్కించిన ఎసరు పదకొండయినా మరగదు. తెలివైనవాళ్లు సెప్టెంబరులోనే కట్టెలు కొని రాళ్లమీద ఎత్తుగా పేర్చుకునేవాళ్లు. నీరు ఇంకే సమయానికి కట్టెలు బయటికి లాగేసి, నిప్పులమీదే మగ్గనివ్వాలి. ఆ అదను తప్పితే అడుగంటుతుంది. అడుగంటిందని తెలిస్తే చెయ్యకూడని పని తెడ్డు పెట్టి కలపడం. కలిపితే మాడువాసన అండా మొత్తానికీ పడుతుంది. కదపకుండా పైనున్న అన్నం వేరే గిన్నెలోకి తోడేసుకుంటే నాలుగైదు కిలోలు పోయినా మిగతాది దక్కుతుంది.

ఇక పప్పు. పన్నెండున్నరకు గంట అంటే పదకొండున్నరకల్లా పప్పు మెత్తబడి ఉండాలి. తరవాత కూరముక్కలు, చింతపండు పులుసు, పొడి, తాలింపు, ఒక గంట ఇట్టే పోతుంది. కందిపప్పు ఉడకకపోవడానికి కారణాలు రెండు: గోడౌన్‌లో ఏడాది మగ్గిన పాత సరుకు, బోరింగు ఉప్పునీళ్లు. మెట్రో (నగర మంచినీటి బోర్డు) నీళ్లు వచ్చిన రోజు గంటలో ఉడికే పప్పే బోరు నీళ్లలో రెండు గంటలకీ పలుకుగా ఉంటుంది. అందుకని మంచినీళ్లు రెండు బిందెలు పప్పుకని దాచుకునేవాళ్లు. రాగానే కడిగి నానబెట్టడం, పసుపు, పొంగకుండా ఒక చెంచా నూనె. మెత్తబడేదాకా చింతపండు తగలనివ్వకూడదు, పులుపు పడితే పప్పు బిగుసుకుంటుంది. తొందర్లో వంటసోడా వేసేవాళ్లుండేవాళ్లు. పప్పు కరుగుతుంది గానీ బి1 విటమిన్ నాశనం, రుచీ సబ్బునీళ్లే.

తలకు నూరు మిల్లీలీటర్లనుకుంటే నూటెనభై మందికి 18 లీటర్ల సాంబారు. దానికి ఆ పప్పు, నాలుగు వందల గ్రాముల లోపు చింతపండు, పావుకిలో పైన సాంబారుపొడి, అంతే ఉప్పు, ఐదారు కిలోల కూరగాయలు. కూరగాయల దగ్గరే చిక్కు. ఇచ్చే డబ్బు ఎప్పుడూ మార్కెట్టు కన్నా వెనకే. కొత్వాల్ చావడి మార్కెట్లో సాయంత్రం మిగిలిన సరుకు చవగ్గా దొరికేది, 1996లో మార్కెట్టు కోయంబేడు వెళ్లిపోయాక ఉత్తర మద్రాసు సెంటర్లకు ఆ వీలూ పోయింది. అందుకే ఏడాది పొడవునా ముల్లంగి, గుమ్మడి, సీమ వంకాయ. పిల్లలు ముల్లంగి ముక్కలు ఏరి తట్ట అంచున పేర్చేవాళ్లు. సన్నగా తరిగి ముందు తాలింపులో మగ్గబెట్టి వేస్తే ఆ ఘాటు తగ్గుతుంది, ముక్కలూ కనబడవు. ప్రహరీ పక్కన మునగచెట్టున్న బడి అదృష్టవంతురాలు, పైసా ఖర్చు లేకుండా వారానికి రెండుసార్లు ఆకు.

మన పిల్లలకు ఆ సాంబారు మొదట్లో ఎక్కేది కాదు. ఇంట్లో ముద్దపప్పు, పచ్చడి అలవాటాయె. కాగితంలో కాస్త గోంగూరో, ఆవకాయ ముక్కో కట్టి తెచ్చుకుని, తమిళ పిల్లలతో పంచుకుని తినేవాళ్లు. భాషల గొడవ ఆ వరసలో ఎప్పుడూ వినబడలేదు.

గుడ్డు వచ్చాక అంతా మారింది. 1989 జూన్‌లో రెండు వారాలకు ఒక గుడ్డుతో మొదలై, తరవాత వారానికొకటై, 2010 సెప్టెంబరు నుంచి బడి ఉన్న ఐదు రోజులూ అయింది. తినని పిల్లలకు అరటిపండు. అన్నం, సాంబారులో కన్నా మేలైన మాంసకృత్తులు ఇచ్చే సరుకు ఇది. గుడ్డులో ఇంకో సుఖం ఉంది, నీళ్లు కలపడానికి వీల్లేదు. పప్పు పలచబడితే పిల్లవాడికి తెలియదు, గుడ్డు లేకపోతే తెలుస్తుంది, ఇంటికెళ్లి చెబుతాడు. దీనికి మించిన తనిఖీ ఏ ఆఫీసరూ చెయ్యలేదు.

నామక్కల్ నుంచి ముప్పై గుడ్ల అట్టల్లో వస్తాయి. నూటెనభై మందికి ఆరు అట్టలు. దింపుకునేటప్పుడే ఒక్కో అట్టా ఎత్తి అడుగు తడిసిందేమో చూడాలి, పగిలినవి అక్కడికక్కడే మార్పించుకోవాలి. సంతకం పెట్టాక ఎవరూ మార్చరు. ఉడకబెట్టే ముందు బకెట్టు నీళ్లలో వేస్తే పాడైనవి తేలతాయి. మరిగే నీళ్లలో గుడ్లు వెయ్యకూడదు, వేడికి పెంకు చిట్లుతుంది. చన్నీళ్లలోనే పేర్చి, పైన రెండు వేళ్ల ఎత్తు నీళ్లుండేలా చూసి, గుప్పెడు ఉప్పు వెయ్యాలి. ఉప్పుంటే చిట్లిన గుడ్డులోంచి తెల్లసొన తీగలు తీగలుగా కారకుండా గడ్డకడుతుంది. ఒకే అండాలో ఆరు అట్టలూ గుమ్మరిస్తే బరువుకి అడుగువి పగులుతాయి, రెండు విడతలు మేలు. మరుగు పట్టాక పది పన్నెండు నిమిషాలు. దించి వెంటనే చన్నీళ్లు పొయ్యకుండా ఆ వేడినీళ్లలోనే వదిలేస్తే పచ్చసొన చుట్టూ బూడిదాకుపచ్చ వలయం వస్తుంది. అది విషం కాదు, ఎక్కువ ఉడికిన గుర్తు. పిల్లలు మాత్రం కుళ్లిందని పక్కన పెట్టేస్తారు.

గుడ్డు రోజు తట్టలు చూస్తే చాలు, ఇంటి పరిస్థితి తెలిసిపోయేది. కొందరు ముందు గుడ్డు తినేస్తారు. ఎక్కువమంది తట్టలో ఒక పక్కకు నెట్టి, దాని చుట్టూ సాంబారు తగలకుండా అన్నంతో గట్టుకట్టి, చివరి ముద్దలో తింటారు. అసలు తిననివాళ్లు కొందరుండేవాళ్లు. చెయ్యి కడుక్కునే వంకతో గుడ్డు నిక్కరు జేబులోకి పోయేది, ఇంకా బడికి రాని చెల్లెలి కోసం. అక్కడే తినాలని నియమం. ఆయమ్మలు ఒక్కోసారి చూసేవాళ్లు, ఒక్కోసారి చూసేవాళ్లు కాదు.

2004 జూలై 16న కుంభకోణంలో వంటగది నిప్పు తాటాకు కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ తరవాత బళ్లలో ఆకు కప్పులు తీసేశారు, వంటగది తరగతులకు దూరం జరిగింది, కట్టెల స్థానంలో మెల్లగా గ్యాసు వచ్చింది. గ్యాసుతో పొగ బాధ పోయింది, అడుగంటడం పెరిగింది, మంట నడిమధ్యే తగులుతుంది కాబట్టి. పొయ్యికీ అండాకీ మధ్య మందపాటి ఇనప రేకు వేస్తే సెగ సర్దుకుంటుంది. సరిగ్గా అదే తేదీన, 2013 జూలై 16న, బీహార్‌లో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పిల్లలకన్నా ముందు టీచరు రుచి చూడాలన్న నియమాన్ని అప్పటినుంచి గట్టిగా పట్టుకున్నారు. రుచి చూడటమంటే చెంచాడు నాలుక మీద వేసుకుని సంతకం పెట్టడం కాదు. వడ్డనకు అరగంట ముందు ఒక పిడికెడు తిని ఆగాలి. నూనె డబ్బా మూత తీసిన ప్రతిసారీ వాసన చూడాలి. ఖాళీ మందు డబ్బా ఎంత కడిగినా వంటగది గుమ్మం దాటనివ్వకూడదు. ఇక బల్లి. ఎక్కడ పిల్లలకు వాంతులైనా మర్నాడు పేపర్లో బల్లి పడిందనే ఉంటుంది. బల్లి తెచ్చే క్రిములు నిజమే గానీ, వండి దించాక మూతపెట్టి రెండు మూడు గంటలు గోరువెచ్చగా వదిలేసిన అన్నమే చాలాసార్లు అసలు దోషి.

2013లో కొన్నిచోట్ల, తరవాత అంతటా, రోజుకొక రకం అన్నం వచ్చింది: వెజిటబుల్ బిర్యానీ, టమాటా అన్నం, కరివేపాకు అన్నం, పులిహోర, నిమ్మకాయ అన్నం, మిరియాల గుడ్డు, మసాలా గుడ్డు. పిల్లలకు పండగే, వంటావిడకు చాకిరీ రెట్టింపు. నల్లశనగల పులావు మంగళవారం పెట్టడం కలిసొచ్చింది, సోమవారం సాయంత్రం నానబోసి వెళ్లచ్చు. అదే సోమవారం అయ్యుంటే ఆదివారం బడికొచ్చి నానబెట్టేదెవరు? పులిహోరతోనే కష్టమంతా. తలకు మూడు గ్రాముల నూనె లెక్కన నూటెనభై మందికి అరకిలో పైచిలుకే, 18 కిలోల బియ్యానికి అది ఏ మూలకి? వేడన్నంలో పులుసు కలిపితే ముద్దయి నూనె అంతా పీల్చేస్తుంది. అన్నం పళ్లేల్లో ఆరబోసి, నూనెలో సగం అన్నానికి పట్టించి, మిగతా సగంతో పులుసు ఉడికించి కలిపితే పొడిగా వస్తుంది. మన ఇళ్లలో పులిహోర కలిపినట్టే. ఉత్తర మద్రాసు వంటావిడల్లో తెలుగువాళ్లు ఈ విషయంలో ఎవరికీ తీసిపోలేదని గర్వంగానే చెప్పచ్చు.

ఈ మధ్య వచ్చిన గొడవ బలవర్ధక బియ్యం. వంద కిలోల బియ్యంలో ఒక కిలో పాళ్లలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి తయారుచేసిన గింజలు కలపడం మొదలుపెట్టారు. అవి కొంచెం వేరే రంగు, కడిగితే కొన్ని తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే ఆయమ్మలున్నారు, అలా అని గొడవకొచ్చిన తల్లులూ ఉన్నారు. ఏరితే కలిపిందే పోయింది. ఈ బియ్యాన్ని ఎక్కువసార్లు కడక్కూడదు, గంజి వార్చకూడదు. పాత అలవాటు ఒకటి ఇక్కడ నిజంగానే మార్చుకోవాలి.

2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలైన పొద్దుటి టిఫిను 2023 ఆగస్టులో రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక బళ్లకు వచ్చింది, 2025 ఆగస్టు 26 నుంచి పట్టణాల్లో ఎయిడెడ్ బళ్లకూ వచ్చింది. తలకు 50 గ్రాముల రవ్వో, సేమియానో, బియ్యమో, పైన కూరగాయల సాంబారు. ఏమీ తినకుండా వచ్చే పిల్లలకు మధ్యాహ్నం దాకా ఆగే పని తప్పింది, వందేళ్ల కిందటి అణా టిఫిను సంగతి ఇప్పటికి తిరిగొచ్చిందనుకోవాలి. నగరంలో ఒకచోట వండి పది బళ్లకు వ్యానులో పంపేటప్పుడు మాత్రం ఉప్మా మొండికేస్తుంది. పొయ్యిమీద సరిగ్గా ఉన్న ఉప్మా ముప్పావుగంటలో డబ్బాలో గడ్డకట్టి, గరిటె దిగదు. వంద మందికి ఐదు కిలోల రవ్వైతే ముందు బాగా వేయించి, ఇంట్లో రెండున్నర కొలతలు పోసేచోట మూడుంబావు నీళ్లు పోసి, జారుగా ఉన్నప్పుడే దించి డబ్బాలో పొయ్యాలి. డబ్బాను ముందే మరిగే నీళ్లతో వేడి చేసి పెట్టుకోవాలి. సాంబారు వేరే డబ్బాలో, గట్టి మూతతో. ముందే కలిపి పంపితే రవ్వ దాన్నంతా తాగేస్తుంది, బడి చేరేసరికి పిల్లలకు పొయ్యడానికి చుక్క మిగలదు.